సముద్రపు గట్టు మీద లేని సాలీడు

ఈ సంగతి రాయడానికి నాకు ఒకటే కారణం ఉంది. నాకు అక్క అయిన మా అప్ప చావుకు కారణమైన మనిషి ఇంకా బతికే ఉన్నాడు. ఉద్యోగం చాలించి ఇపో పట్నంలో ఇల్లు కట్టుకున్నాడు. మనవాళ్ల పెళ్లిళ్లలో ముందు వరుస కుర్చీలో కూర్చుంటాడు. మలయాలో మా తోట ఉన్న బాగన్ దాతుక్ మాట వస్తే, "అక్కడ ఒక కూలివాడు ఉండేవాడు, పుస్తకాలు చదివి మతి చెడి నా మీద పడ్డాడు" అని నవ్వుతూ చెబుతాడట. విన్నవాళ్లూ నవ్వుతారట. ఆ కూలివాణ్ణి నేనే. నాకు మతి చెడలేదు. చదివిన పుటలూ గుర్తున్నాయి, ఆయన చేసిన పనులూ గుర్తున్నాయి. ఆయన నోటితో చెబుతున్నాడు కాబట్టి నేను సిరాతో చెబుతాను. నోటిమాట మనిషితో పోతుంది, కాగితం మీది మాట నిలుస్తుంది. ఆ పాఠం నాకు నేర్పింది కూడా ఆయనే.

ఇందులో ఎవరి పేరూ రాయను. ఆయన పేరు రాసి నా కాగితాన్ని మైలపరచుకోలేను. మిగిలినవాళ్లు ఇంకా తోటల్లోనే పని చేసుకుంటున్నారు. నా రాత వల్ల వాళ్లకు ముప్పు రాకూడదు.

మాది సముద్రం అంచున ఉన్న కొబ్బరి తోట. పెద్ద యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. మా లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, సగానికి పైగా ఇళ్లు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనవాళ్లవే. అమ్మా నాన్నా వచ్చిన రెండేళ్లకే పోయారు. నన్ను సాకింది మా అప్ప. ఆమె పెనిమిటి జొహోర్ వైపు పోయి ఇంకొకతెతో ఉండిపోయాడు. ఆ తర్వాత ఒకే గదిలో ఇద్దరం బతికాం. నేను కాయలు ఒలిచే గుంపులో, ఆమె గట్టు గుంపులో.

గట్టు పని ఏమిటో చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. తోట నేల పోటు మట్టానికి దిగువన ఉంటుంది. సముద్రాన్ని ఆపేది ఒక పొడవాటి మట్టిగట్టు. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దదై, ఉప్పునీరు గట్టు బయటి వాలు మీద సగానికి పైగా ఎక్కుతుంది. ఆ వాలులో పీతలు బొరియలు చేస్తాయి. ఒక్క బొరియ వదిలేసినా నీరు అందులోంచి దారి తీసి గట్టును కోసేస్తుంది. అందుకే పోటుకు ముందు ఆరుగురు ఆడవాళ్లు గట్టు పొడుగునా నడిచి, ప్రతి బొరియలోనూ మోచేతి దాకా చేయి పెట్టి, పీత తగిలితే బయటికి లాగి, బంకమట్టి ముద్దను లోపలికంటా కూరాలి. కర్రతో పొడిస్తే ముద్ద పైనే ఆగిపోతుంది. చేత్తోనే చేయాలి. ఆ ఆరుగురిలో ముందు నడిచేది మా అప్ప. ఆమె కుడిచేతి వేళ్ల మీద పీత గాట్లు ఎప్పుడూ ఉండేవి. ఒకటి మానేలోగా ఇంకొకటి పడేది.

ఒకనాడు ఆమె పని సగంలో వదిలి, వణుకుతూ ఇంటికి వచ్చింది. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ కప్పాను.

"తమ్ముడా, సలి ఎముకల్లో దూరిపోనాది రా," అంది.

భుజం మీద వేసుకుని తోట ఆస్పత్రికి తీసుకెళ్లాను. తలుపుకు తాళం. డ్రెస్సరు లేడు. తోటలో కట్లు కట్టేది, మందులిచ్చేది, ఎవరు రోగో ఎవరు దొంగరోగో తేల్చేది ఆయనే. మాకు ఆయనే డాక్టరు. పట్నంలో కొత్త నాటకం ఆడుతున్నారని లాంచీ ఎక్కి వెళ్లాడు. తోట నడిపే తెల్లదొరకు చెప్పి వెళ్లలేదు. క్వినైన్ సీసాలు కిటికీలోంచి కనబడుతున్నాయి. తాళం పగలగొడతానన్నాను. లైన్లలో మంచి చెడ్డా తీర్చే ముసలి పెద్ద మేస్త్రీ వద్దన్నాడు. దొర తలుపు మీద రాయి వేసినవాణ్ణి పోలీసులు తీసుకుపోతారని, అప్పను చూసేవాడు ఉండడని అన్నాడు. నేను ఆగిపోయాను. ఆ ఆగిపోవడం గురించి ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. నన్ను నేనే తప్పుపట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున లాంచీ వచ్చేసరికి మా అప్ప పోయింది.

జ్వరపు మనిషి మందు అందక చస్తే డ్రెస్సర్ల మీద ఉండే పై డాక్టరు వచ్చి, మందిచ్చేవాడు ఎక్కడున్నాడని అడుగుతాడు. పురుగు ముట్టి, అంటే విషపు కాటుకు, చస్తే ఎవరూ ఏమీ అడగరు. డ్రెస్సరు నలగని తెల్ల పంట్లాంతో వచ్చాడు. అప్ప చేతిని బూటు మొనతో కొంచెం తిప్పాడు. వేలి మీద పక్కపక్కన రెండు చుక్కలున్నాయి.

"నేలసాలీడు కరిచింది. ఇది జ్వరం కాదు, విషం," అన్నాడు.

"జొరమే బాబూ. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. నాను పక్కనే ఉన్నాను."

"నువ్వు డాక్టరు పరీక్ష ఎప్పుడు పాసయ్యావురా? పో, పోయి కాయలొలుచుకో."

ఇక్కడ మా కట్టుబాటు ఒకటి చెప్పాలి. పురుగు ముట్టి పోయినవాళ్లను మావాళ్లు కాల్చరు. విషం పొగలో కలిసి పసిపిల్లలకు తగులుతుందని ఒక మాట, అలాంటివాళ్లకు ప్రాణం ఒంట్లోనే ఎక్కడో నక్కి ఉంటుందని ఇంకొక మాట. మన ఊళ్లలో ఏటిలో వదిలేవారట. ఇక్కడ కాలువ సముద్రంలో కలిసే చోట, బకావు అనే మడచెట్ల నడుమ బురదలో పెట్టేవారు. వాళ్లకు పెద్దకర్మ ఉండదు, పిండం ఉండదు.

"ఆయన కాయితం మీద ఎట్టేసినాడు," అన్నాడు పెద్ద మేస్త్రీ, నా ముఖం చూడకుండా. "పురుగు ముట్టినోళ్లకి నిప్పెడితే లైన్లన్నిటికీ కీడు. నానేటి సెయ్యగలను, నువ్వే సెప్పు."

బురదలో పెట్టాం. ఆ సాయంత్రమే పోటు వచ్చింది. అప్ప మీద మోకాలి లోతు ఉప్పునీరు నిలిచింది. నేను బకావు వేళ్ల మీద కూర్చుని ఆ నీరు తీసేదాకా చూశాను. అప్పుడే రెండు పనులు నాకు నేను చెప్పుకున్నాను. మా అప్పకు నిప్పు పెట్టించాలి. ఆ నిప్పుకు కట్టెలు ఆ డ్రెస్సరు భుజం మీద రావాలి.

కాగితంతో కొట్టినవాణ్ణి కర్రతో కొడితే లాభం లేదు. నాకు తెలుగు అక్షరాలు వచ్చు, లైన్లలో ఒక ముసలాయన నేర్పాడు. ఇంగ్లీషు సబ్బు పెట్టెల మీద, బిస్కెట్ డబ్బాల మీద, దొర బంగళా వెనక పారేసిన పత్రికల మీద నేర్చుకున్నాను. రెండేళ్లకు చదవడం కొంచెం పట్టుబడ్డాక, సెలవు రోజున లాంచీ ఎక్కి పట్నంలోని పుస్తకాల గదికి వెళ్లడం మొదలుపెట్టాను. మెట్ల దగ్గర బల్ల వేసుకుని ఒక ముసలి సిలోన్ ఆయన కూర్చునేవాడు. మొదటి రోజు నా కాళ్ల వంక చూడలేదు, చేతుల వంక చూశాడు. కొబ్బరి పీచు రసానికి అవి నల్లబడి ఉన్నాయి.

"చెప్పులు లేకపోయినా ఫరవాలేదు," అన్నాడు తమిళంలో. "చేతులు కడుక్కుని రా."

కడిగినా నలుపు పోలేదు. ఆయన రెండు వైపులా చూసి, పుట తిప్పేటప్పుడు వేలి కింద పెట్టుకోమని ఒక తెల్లకాగితం ముక్క ఇచ్చాడు. ఆ ముక్కతో నేను చదివిన పుస్తకాలు ఆ పట్నంలో బూట్లు వేసుకున్నవాళ్లు కూడా చదివి ఉండరు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

సాలీళ్ల పుస్తకం అక్కడ ఒకటే ఉంది. స్వదేశానికి పోతూ ఒక దొర ఇచ్చేసిన పెట్టెల్లో వచ్చిందట. అది మలయా సాలీళ్ల గురించి కాదు, ఆఫ్రికా సాలీళ్ల గురించి. అందులో నేలలో ఉండే ఒక పెద్ద సాలీడు ఉంది. కాళ్ల కొసలు కోతి వేళ్లలా ఉంటాయని దానికి ఆ దేశపు పెద్ద కోతి పేరే పెట్టారు. అరచేయంత ఉంటుంది. ఒళ్లంతా పొట్టి వెంట్రుకలు. తన కోరలతోనే నేలను తవ్వి, ఆ మట్టిని మూటలు కట్టి బయట పారబోసి, మూరెడు లోతు బొరియ చేసుకుంటుంది. లోపలంతా పట్టు పరుస్తుంది. వాకిలి చుట్టూ గడ్డిపరకలను పట్టుతో కుట్టి చిన్న గోడ కడుతుంది. ఆడది ఒకే బొరియలో ఏళ్ల తరబడి ఉంటుంది. వేటకు కూడా వాకిలి దాటి జానెడు దూరం పోదు. బెదిరిస్తే ముందు కాళ్లు పైకెత్తి, వెనక్కి వాలి, కోరలు చూపిస్తుంది. కరిస్తే బాగా నొప్పి, వాపు. ఎదిగిన మనిషి దానివల్ల చచ్చినట్టు మాత్రం తనకు తెలియదని ఆ రాసినాయన రాశాడు.

ఆ వాక్యం దగ్గర నా చేయి ఆగింది. పుట మొత్తం ఎత్తి రాసుకున్నాను.

ఇంకొక పుట కూడా రాసుకున్నాను, దానితో నాకు అప్పుడు పనిలేకపోయినా. ఆ సాలీడుకు ఒక కందిరీగ శత్రువు. అది సాలీడుతో బయట తలపడి గెలిచి ఊరుకోదు. కుట్టి, ప్రాణం పోకుండా ఒళ్లు మాత్రం కదలకుండా చేసి, దాని బొరియలోకే దాన్ని ఈడ్చుకుపోయి, పైన గుడ్డు పెట్టి, వాకిలి మూసేస్తుంది. సాలీడు కట్టుకున్న ఇల్లే దానికి గోరీ. లాంచీలో తిరిగి వస్తూ ఆ పుట మూడుసార్లు చదివాను. ఆకలి వేయలేదు.

ఆ పుస్తకంలో "నివాసం" అని ఒక భాగం ఉంది. గడ్డి, నేల, వాన, ఎత్తు పల్లాలు. వర్ణన కదా అని దాన్ని దాటేశాను. తనంతట తాను చదువుకునేవాడికి గురువు ఉండడు, తొందరపడుతున్నావని చెప్పేవాడు ఉండడు.

రాసుకున్న కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. దొర ఉన్నాడు, డ్రెస్సరు ఉన్నాడు. బయట జబ్బు చీటీల కోసం గట్టు గుంపు ఆడవాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. నేలసాలీడు కాటుకు మనిషి చావదని, చావుల రిజిస్టరు దిద్దించమని ఇంగ్లీషులో చదివి వినిపించాను. దొర ఆశ్చర్యపోయి, ఆ పుస్తకం ఏ దేశం గురించి అని అడిగాడు. ఆఫ్రికా అన్నాను.

డ్రెస్సరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆఫ్రికావాడి పన్ను పీకితే నీ పంటి నొప్పి పోతుందా? అక్కడి సాలీడు అక్కడిది, ఇక్కడి సాలీడు ఇక్కడిది. ఇంకా నయం, చంద్రలోకం సాలీడును తేలేదు."

దొర కూడా నవ్వాడు. ఆ ఉత్సాహంలో డ్రెస్సరు బీరువా తీసి రిజిస్టరు తెచ్చి, నాకు బుద్ధి చెప్పడానికి ఆ వరుసను తెలుగు చేసి బయటికి వినబడేలా చదివాడు. కూలి స్త్రీ, సముద్రపు గట్టు బయటి వాలు మీద పని చేస్తూ, అజాగ్రత్తగా ఒక బొరియలో చేయి పెట్టగా, నేలసాలీడు కాటు వల్ల మరణం.

"విన్నావు కదా. ఇక పో, వేలై చూసుకో, నీ పని చేసుకో."

నా చెవుల్లో వాళ్ల నవ్వు తప్ప ఏమీ లేదు. సిగ్గుతో లైన్ల వైపు నడిచాను. దారిలో బంకమట్టి తట్టలు నెత్తిన పెట్టుకుని గట్టు గుంపు ఎదురైంది. వాళ్ల మోచేతుల దాకా ఎండిన ఉప్పుబురద. అప్పుడు ఆగిపోయాను. సముద్రపు గట్టు బయటి వాలు. నెలకు రెండుసార్లు ఉప్పునీటిలో మునిగే చోటు. ఆయన ఏనాడూ అక్కడికి నడవలేదు. ఆ రోజు మా అప్పను ఎక్కడ పనికి పెట్టారో పని చీటీ చూసి, ఆ చోటును అలాగే ఎత్తి రాశాడు. ఇన్నేళ్లూ మాకు "పురుగు ముట్టింది" అని మాత్రమే తెలుసు, ఎక్కడ ముట్టిందని రాశాడో తెలియదు. ఇంగ్లీషు రిజిస్టరు ఎవరు చదివి చెబుతారు?

మళ్లీ సెలవు రోజున పుస్తకాల గదికి పోయి, నేను దాటేసిన భాగం తీశాను. నీరు నిలవని మిట్ట నేల. పొడి గడ్డి మైదానం. వానాకాలంలో వాకిలిని మట్టితో, పట్టుతో మూసుకుంటుంది. వరద చేరే పల్లపు నేలలో దాని బొరియ కనబడదు. ముసలి సిలోన్ ఆయన నా భుజం మీదుగా చూసి, "ఏం దొరికింది?" అన్నాడు.

"దొంగ ఇల్లు," అన్నాను.

అయినా ఆఫ్రికా అని మళ్లీ నవ్వించుకోవడం నాకు ఇష్టం లేదు. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో మా పిన్ని పాలు గీసే పనిలో ఉండేది. ఆమెను చూసే నెపంతో వెళ్లాను. అక్కడి నేల కొండవాలు, ఎర్రటి గట్టి మట్టి. మన దగ్గర నేలసాలీళ్లు ఉన్నాయా పిన్నీ అని అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది.

"ఇంతదూరం సాలీణ్ణి సూడనానికి వచ్చినావేటి? పెల్లి సేసుకోరా అంటే ఇనవు గానీ."

పాలగిన్నెలు దించి, దారి పక్కన నిటారుగా ఉన్న మట్టి వాలు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ నాలుగు బొరియలు, గుండ్రంగా, వాకిలి చుట్టూ తెల్లటి పట్టు అంచుతో. ఒక్కటీ నీరు పారే పాయలో లేదు. అన్నీ దానికి పైన. గడ్డిపరక ఒకటి లోపలికి పోనిచ్చి మెల్లగా కదిపాను. మొదట ఏమీ లేదు. తర్వాత లోపలి నుంచి ఎవరో పరకను పట్టుకుని లాగారు. నల్లటి లావుపాటి కాళ్లు రెండు వాకిట్లోకి వచ్చి ఆగాయి. పుస్తకంలో ఉన్నట్టే ముందు కాళ్లు పైకెత్తింది. నేను పరక వదల్లేదు.

"ఈ సెట్ల కింద కూకునే మేము సద్ది తింటాం. దాని జోలికి మేం పోం, మా జోలికి అది రాదు. ఓ పాలి మా మరిదిని కరిసింది. రెండ్రోజులు ఏడిసినాడు, మూడో రోజు కల్లు తాగినాడు."

అంత పరిశీలన ఏ పుస్తకంలోనూ లేదు. అది కూడా రాసుకున్నాను.

తిరిగి వచ్చాక కందిరీగలాగా ఆలోచించడం మొదలుపెట్టాను. ఆయన రాత అబద్ధమని నేను అరిస్తే ఎవరూ వినరు. ఆయన రాత నిజమే అని అందరం నమ్మితే ఏమవుతుంది?

గట్టు గుంపులోని ఆరుగురితో మాట్లాడాను. మా అప్ప పోయాక ముందు నడిచే ఆమె నాకు వదిన వరస. ఆమె నేను చెప్పింది మొత్తం వింది, నోట్లో తాంబూలం ఉమ్మింది.

"దొర తన్నిస్తాడేమో."

"తన్నించడు. పోటుకి ముందు అతగాడికి మీ సేతులు కావాల."

"సరే లా," అంది మలయా యాసలో. "అది మా ముందు నడిసిన మనిసి."

అమావాస్య ముందు రోజు పొద్దున దొర ఎప్పటిలాగే గుర్రం మీద గట్టు చూడటానికి వచ్చాడు. నేను ఒలుపు పని మానేసి అక్కడే ఉన్నాను. ఆరుగురు ఆడవాళ్లు మట్టి తట్టలు పక్కన పెట్టి, వాలు మీద వరసగా కూర్చుని ఉన్నారు. దూరంగా నీరు మొదలైంది.

"లెగండమ్మా. పోటొస్తంది," అన్నాడు పెద్ద మేస్త్రీ.

"మేం సెయ్యెట్టం మావా. ఈ గట్టులో పురుగుంది."

"పురుగేటి?"

"నేలసాలీడు. డ్రెస్సరు బాబు రాసినారు. మొన్న ఆపీసులో సదివినారు కూడా, మా వోళ్లు ఇద్దరు ఇన్నారు. ఈ గట్టే, ఈ వాలే."

ఇంకొక ఆమె అందుకుంది. "ముగ్గురు పిల్లల తల్లిని నాను. సచ్చిపోతే నిప్పు కూడా పెట్టరు. ఆ బురదలో ఎట్టేస్తారు."

పెద్ద మేస్త్రీ ఈ మాటలు దొరకు తమిళంలో చెప్పాడు. దొర గడియారం చూశాడు, నీటి వంక చూశాడు, ముఖం ఎర్రబడింది. డ్రెస్సరును పిలిపించాడు. ఆయన బూట్లకు బురద అంటకుండా రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ వచ్చాడు. అప్ప పోయి మూడేళ్లయింది, ఆయన ఆ గట్టు ఎక్కడం అదే మొదటిసారి.

"ఈ గట్టులో సాలీడు ఉందా, లేదా?" అన్నాడు దొర.

డ్రెస్సరు ఆడవాళ్ల వంక, నా వంక చూశాడు. ఉందంటే పని ఆగుతుంది, గట్టు తెగుతుంది. లేదంటే రిజిస్టరు అబద్ధమవుతుంది. ఆయన కట్టుకున్న బొరియలో ఆయనే ఉన్నాడు.

"ఇప్పుడు లేదు సార్. అప్పట్లో ఒకటి ఉండేది."

"అదెటు ఎల్లిపోనాది బాబూ?" అంది వదిన. "నాటకం సూడనానికి ఎల్లిందేటి?"

గట్టంతా నవ్వింది. పెద్ద మేస్త్రీ మాత్రం నవ్వలేదు. ఆయన డ్రెస్సరు ముఖాన్ని చూస్తున్నాడు. దొరకు ఆ హాస్యం అర్థం కాలేదు, ఎవరూ తర్జుమా చేయలేదు. నా వైపు తిరిగి, నీ పుస్తకం ఏమంటుంది అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఈ జాతి సాలీడు మిట్టన, నీరు నిలవని పొడి నేలలో తప్ప ఇల్లు కట్టదు. వాకిలికి పట్టు అంచు ఉంటుంది. ఆఫ్రికాలో అంతే, సుంగై సిపుట్‌లో నేను కళ్లారా చూసినదీ అంతే. ఇక్కడ ఏ బొరియకైనా పట్టు చూపిస్తే నేను తోట విడిచి పోతాను. ఈ వాలు నెలకు రెండుసార్లు ఉప్పునీటిలో మునుగుతుంది.

దొర డ్రెస్సరును చూసి, "సాలీడు లేదన్నావు కదా. అయితే చేయి పెట్టి వీళ్లకు చూపించు," అన్నాడు.

ఆయన చేతి గడియారం విప్పాడు. చొక్కా చేయి మడిచాడు. రుమాలు పరిచి దాని మీద మోకాలు ఆనించాడు. మణికట్టు దాకా పెట్టి ఆగాడు.

"మోసేతి దాకా బాబూ," అంది వదిన. "మా మనిసి ఎట్టినంత."

పెట్టాడు. ఒక క్షణం తర్వాత కూత పెట్టి చేయి లాగేశాడు. వేలికి పీత వేలాడుతూ బయటికి వచ్చింది. విదిలిస్తే పోయి రాళ్ల మీద పడింది. నేను దగ్గరికి వెళ్లి ఆయన చేతిని పట్టుకుని పైకెత్తాను. ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు, అదే చివర. వేలి మీద పక్కపక్కన రెండు చుక్కలు.

"ఇదిగో బాబూ, రెండు సుక్కలు. ఏటి కరిసింది?"

ఆయన చేయి లాక్కోబోయాడు.

"దొర అడుగుతున్నాడు," అన్నాను, దొర అడగకపోయినా.

"పీత."

"పెద్ద మేస్త్రీకి ఇనపడనేదు."

"పీత," అన్నాడు.

ఆడవాళ్లు లేచి ముద్దలు అందుకున్నారు. ఆ రోజు వాళ్లు చేసినంత వేగంగా గట్టు పని ఎన్నడూ జరగలేదు.

దొరకు మా అప్ప అంటే ఎవరో తెలియదు. ఆయనకు గట్టు ముఖ్యం, ఈ పేచీ మళ్లీ రాకపోవడం ముఖ్యం. ఆ మధ్యాహ్నమే, అప్ప జ్వరంతో ఉన్నప్పుడు ఆస్పత్రికి తాళం వేసి ఉందని నేను చెప్పగా, రిజిస్టరు తెరిపించి, ఆ వరుస కింద, సాలీడు కాటు కాదు, జ్వరం, మందు ఇవ్వబడలేదు అని డ్రెస్సరు చేతనే రాయించి సంతకం పెట్టాడు. నేను బల్ల ఇవతల నిలబడి ప్రతి అక్షరం చదివాను. "ఇవ్వబడలేదు" దగ్గర ఆయన కలం ఆగింది. నేను కదల్లేదు. రాశాడు.

పెద్ద మేస్త్రీ ఆ సాయంత్రం నా వాకిట్లోకి వచ్చాడు. "నిప్పెడదాం రా," అన్నాడు.

"కట్టెలు ఆయన మొయ్యాల."

"డ్రెస్సరు రా ఆయన. రేపు జొరమొస్తే ఎవుడి దగ్గరికి ఎల్తావు?"

"ఎల్లను."

"నువ్వెల్లవు. మిగిలినోళ్లో?"

ఆ మాటలో న్యాయం ఉందని నాకు తెలుసు. అయినా నా మాట మార్చలేదు. ముసలాయన తలపాగా విప్పి దులిపి మళ్లీ కట్టుకుని డ్రెస్సరు ఇంటి వైపు పోయాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. పై డాక్టరుకు ఉత్తరం రాయగలవాడు లైన్లలో ఒకడు ఉన్నాడని చెప్పి ఉంటాడని అనుకుంటాను.

పోటు తగ్గిన నాలుగో రోజు పగటిపూట తవ్వాం. బురద చాలా తీసుకుపోయింది, అంతా తీసుకుపోలేదు. దొరికినంత కొత్త చాప మీద పెట్టి, మెరక మీదికి తెచ్చాం. బకావు కట్టె బరువైనది, మామూలు కూలివాడు కూడా భుజం మార్చుకుంటాడు. డ్రెస్సరు ఒక మోపు మోసుకుని కట్టెల కొట్టం నుంచి అక్కడిదాకా బూట్లతో నడిచి వచ్చాడు. రెండుసార్లు ఆగాడు. ఎవరూ సాయం పోలేదు. మోపు దించాక తెల్లచొక్కా భుజం మీద కట్టె రసపు ఎర్ర మరక మిగిలింది. నేను నిప్పు పెట్టాను. ఆయన వెళ్లబోతే, ఉండమన్నాను. ఆరేదాకా ఉన్నాడు.

కొద్ది నెలలకే ఆయన వేరే తోటకు బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. పగ తీరితే మనసు చల్లబడుతుందని పుస్తకాల్లో చదివాను. నాకు అలా జరగలేదు. ఆయన్ని నేను క్షమించలేదు, ఇది చదివేవాళ్లను క్షమించమని అడగను. పెళ్లిలో ముందు కుర్చీలో ఆయన కనబడితే కుడిచేతి వేలు చూపించమని అడగండి.

సాయం చేసినవాళ్లకు చివర నమస్కారం చెప్పడం నేను చదివిన పుస్తకాల మర్యాద. పేర్లు లేకుండానే, ఎవరికి వారికి తెలిసేలా చెబుతాను. నాకు అక్షరాలు నేర్పి, గురుదక్షిణగా బీడీ కూడా తీసుకోని లైన్ల ముసలాయనకు. వేలి కింద తెల్లకాగితం పెట్టిన సిలోన్ ఆయనకు. ఏ దేశంలో ఉన్నాడో తెలియకపోయినా, ఆఫ్రికా నేల మీద బోర్లా పడుకుని సాలీడు ఇంటిని చూసి రాసిన ఆ గ్రంథకర్తకు. పుస్తకంలో లేనిది చూపించిన మా పిన్నికి. ఆలస్యంగానైనా డ్రెస్సరు ఇంటికి నడిచిన పెద్ద మేస్త్రీకి. అందరికంటే ఎక్కువగా, పోటు పాదాల దాకా వస్తున్నా లేవకుండా కూర్చున్న ఆ ఆరుగురు ఆడవాళ్లకు. వాళ్లు ఆ పొద్దు కూర్చోకపోతే మా అప్ప ఇంకా ఆ బురదలోనే ఉండేది.